ఆరో మనిషి

బెంగళూరు,
8 జులై 2025

హారతికి,

నిన్న నీతో ఫోన్లో పదకొండు నిమిషాలు మాట్లాడాను. పదకొండు నిమిషాలూ నువ్వు "ఊ" అన్నావు. తప్పు నీది కాదు. ఫోన్ మా నాయన చేతిలో ఉంటుంది, స్పీకర్ పెట్టి ఉంటుంది, గోడ అవతల దుర్గక్క పని ఆపుకొని వింటూ ఉంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ ఉత్తరమే రాయి. అమ్మకు చదువు రాదు, నాయన చదివేది కన్నడమే, మన ఇంట్లో తెలుగు చదవగలిగింది నువ్వొక్కదానివే కాబట్టి భయం లేదు.

విషయం ఇది. నేను మళ్ళీ బిజినెస్ స్కూలుకు అప్లై చేస్తున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్ళే అయింది, చూపించుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి. కానీ అప్లికేషన్లు చూసి సలహా చెప్పే ఒక మేడమ్ నా వ్యాసం చదివి, "ఇందులో మార్కులు కనపడుతున్నాయి, మనిషి కనపడటం లేదు" అంది. బాగా తెలిసినవాళ్ళు పదిమందిని అడిగి, నాలో మూడు మంచి గుణాలు, మూడు తప్పులు, నేను ఓడిపోయిన సంగతి ఒకటి తెలుసుకోమంది. ఆఫీసులో నలుగురిని నేను అడుగుతాను. ఊళ్ళో ఆరుగురిని నువ్వు అడగాలి. బడిలో చదువు చెప్పిన భీమప్ప మేష్ట్రు, నాతో చదివి ఇప్పుడు బస్టాండు పక్కన పంక్చర్ షాపు పెట్టుకున్న హులిగేశ్, దుర్గక్క, అమ్మ, నాయన. ఆరో మనిషి ఎవరో నాకు తోచలేదు, నువ్వే చూసుకో.

ఎందుకు అడుగుతున్నావో మాత్రం ఎవరికీ చెప్పకు. పోయినేడు అప్లై చేసినప్పుడు నాయన సంతోషం పట్టలేక ఊరంతా చెప్పాడు. సీటు రాలేదు. ఆ తర్వాత నేను బస్సు దిగితే చాలు, "కాలేజీ తెరిచినారా అప్పా?" అని టీకొట్టు నుంచి అడిగేవాళ్ళు.

సీటు వస్తే పెళ్ళయినవాళ్ళకు కాలేజీలోనే ఇల్లు ఇస్తారు. ఒక గది, వంటిల్లు, చిన్న బాల్కనీ. మన పెళ్ళయి పద్నాలుగు నెలలు. కలిసి ఉన్నది నలభై రోజులు. నువ్వు ఎప్పుడూ అడగలేదు గాని నేను మర్చిపోలేదు.

వచ్చే శుక్రవారం బస్సుకు వస్తాను.

జగదీశ్


కురుగోడు,
21 జులై 2025

మీకు హారతి రాస్తున్నది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీరు శుక్రవారం రాలేదు కాబట్టి అక్కడ పని ఎక్కువగా ఉన్నదని తెలిసింది. కాలువకు నీళ్ళు వదిలారు. మామ రోజూ పొలానికి పోతున్నారు. అత్తకు మోకాలు నొప్పి తగ్గింది, గోడ దూరం వరకు నడిచి దుర్గక్కతో మాట్లాడుతున్నారు.

మీరు చెప్పిన పని మొదలుపెట్టాను. నాకు ఎదురుగా అడగడం రాదు కాబట్టి ప్రశ్నలు చీటీలో రాసుకొని, చీటీ చూసి చదివాను. కాగితం వైపు చూస్తుంటే అవతలి మనిషి అంతగా కనపడడు.

మొదట భీమప్ప మేష్ట్రు. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి చెప్పారు: "ఒళ్ళె హుడుగ అమ్మా. మంచి పిల్లోడు. బీడీ లేదు, బ్రాందీ లేదు. కండ్లు మూసుకొని ఇయ్యచ్చు." తప్పులు మూడు చెప్పమన్నాను. "తప్పులు చెప్పి ఒకరి సంసారం చెడగొట్టిన పాపం నాకెందుకు తల్లీ" అన్నారు.

హులిగేశ్ టైరు విప్పుతూ, "ఒక్కడే కొడుకు, నీళ్ళ పొలం ఉండాది, ఇంగేం కావల్ల?" అన్నాడు. ఓడిపోయిన సంగతి అడిగితే తలెత్తి నన్ను చూసి, "అట్లాంటివి షాపు కాడ చెప్పేవి కాదమ్మా" అని మళ్ళీ టైరు వైపు తిరిగాడు.

ఆలోచిస్తే నాకు ఒకటి గుర్తుకు వచ్చింది. మా నాయన సంబంధం చూడ్డానికి కెంచనగుడ్డ నుంచి వచ్చి మీ గురించి విచారించినప్పుడు కూడా మేష్ట్రు ఇవే మాటలు చెప్పారు. బీడీ లేదు, బ్రాందీ లేదు, కండ్లు మూసుకొని ఇయ్యచ్చు. మా నాయన ఇంటికి వచ్చి మా అమ్మతో అట్లాగే చెప్పాడు. వాళ్ళు కళ్ళు మూసుకొనే ఇచ్చారు.

ఇవి పనికి వస్తాయో రావో రాయండి.

హారతి


బెంగళూరు,
29 జులై 2025

హారతికి,

ఇవి పనికి రావు. బీడీ లేదు, బ్రాందీ లేదు అని మేడమ్‌కు చెప్పాను. "మీరు కాలేజీకి పోతున్నారా, పెళ్ళికి పోతున్నారా?" అని అడిగింది. ఆఫీసులో నలుగురూ "నమ్మదగిన మనిషి" అని రాసిచ్చారు. మా మేనేజర్ ఆఫీసు ప్రింటర్ గురించి కూడా అదే మాట అంటాడు.

మళ్ళీ అడుగు. మంచి గుణాలు వద్దు, తప్పులే కావాలని గట్టిగా చెప్పు. ఎంత పెద్ద తప్పయితే అంత మంచిది. అమ్మను, దుర్గక్కను అడిగావా? సెప్టెంబరు పదికి ఆఖరు.

శుక్రవారం రాలేకపోయాను. ఈ శుక్రవారం తప్పకుండా.

జగదీశ్


కురుగోడు,
11 ఆగస్టు 2025

మీకు,

మీ ఉత్తరం వచ్చింది. మీరు రాలేదు.

చెప్పినట్టే గట్టిగా అడిగాను. దుర్గక్క దగ్గరకు పోయి, "ఆయన చేసిన తప్పులు మూడు కావాలి, పెద్దవయితే మంచిది" అని చీటీ చదివాను. ఆమె రోలు దగ్గర నుంచి లేచి వాకిలి మూసింది. "యాడన్నా ఏమన్నా వింటివా?" అంది. ఎందుకని చెప్పకూడదు కదా, నేల చూశాను. "ఎన్నాళ్ళ నుంచి?" అంది. మీ ఉత్తరం జులైలో వచ్చింది కాబట్టి, "ఒక నెల" అన్నాను. ఆమె నాకు కాఫీ ఇచ్చి తల నిమిరింది.

అత్తను భోజనం దగ్గర అడిగాను. "నా కొడుకు ఏం తప్పు చేసినాడో నువ్వే చెప్పు" అన్నారు. చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు. అత్త ఆ పూట తినలేదు.

ఇప్పుడు ఊళ్ళో రెండు మాటలు నడుస్తున్నాయి. మీకు బెంగళూరులో వేరే ఆమె ఉన్నదని, నేను సాక్ష్యాలు కూడగడుతున్నానని ఒకటి. నాకు ఇంకా కడుపు పండలేదు కాబట్టి మీకు రెండో సంబంధం చూడ్డానికి నేనే విచారణ మొదలుపెట్టానని ఇంకొకటి. జనానికి రెండోదే ఎక్కువ నచ్చింది. నేను నీళ్ళ ట్యాంకు దగ్గరకు పోతే ముందు నా బిందె నింపుకోమంటున్నారు. ఒక ముసలామె, "ఇంత పెద్ద మనసు ఎవరికొస్తాదమ్మా" అని నా చేయి పట్టుకొని ఏడ్చింది.

ముగ్గురు అమ్మాయిల ఫోటోలు వచ్చాయి. ఒకామె బి.కాం. బియ్యం డబ్బా మీద పెట్టాను. ఏం చేయాలో రాయండి.

మొదటి మాట నమ్మినవాళ్ళు మాత్రం మీ తప్పులు ధారాళంగా చెబుతున్నారు. పద్దెనిమిది అయ్యాయి.

మా ఊరికి ఈ సంగతి శనివారం బస్సులో పోయిందట.

హారతి


బెంగళూరు,
17 ఆగస్టు 2025

హారతి,

నీ ఉత్తరం చూసి వెంటనే నాయనకు ఫోన్ చేశాను. "హారతి తప్పేం లేదు, అందరినీ అడగమని నేనే చెప్పాను" అన్నాను. నాయన "నువ్వేనా?" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే తీయలేదు. మీ నాయనకు చేశాను. "ముఖాముఖి మాట్లాడుకుందాం అల్లుడా" అని ఆయనా పెట్టేశాడు.

ఇంక దాచొద్దు. ఎందుకు అడిగావో అందరికీ చెప్పు. సీటు రాకపోతే నవ్వనీ. ఫోటోలు వెనక్కి ఇచ్చెయ్.

జగదీశ్


కురుగోడు,
26 ఆగస్టు 2025

మీకు హారతి రాస్తున్నది,

అందరూ క్షేమం. పంచాయితీ అయిపోయింది.

మీరు ఫోన్ చేసి "నేనే చెప్పాను" అన్నాక రెండో మాట ఖాయమైపోయింది. శుక్రవారం మా నాయన ఇద్దరు పెద్దమనుషులను తీసుకొని, సిరుగుప్పలో బస్సు మారి వచ్చాడు. మామ భీమప్ప మేష్ట్రును పిలిపించుకున్నారు. బస్టాండు నుంచి మా నాయన వాళ్ళను తీసుకొచ్చిన హులిగేశ్ గేటు దగ్గరే నిలబడ్డాడు. సంగతి తేలే వరకు కాఫీ ముట్టేది లేదన్నారు. అత్త మూడుసార్లు వేడి చేశారు.

నేను తలుపు వెనక ఉన్నాను.

"మా పిల్ల ఏం తక్కువ చేసిందో చెప్పు బావా. ఉంటే సర్దుకుంటాం" అన్నాడు మా నాయన.

"నాకేం తెలుసు బావా. మావోడు నేనే అడగమంటి అంటాండాడు."

"ఉన్న పెండ్లాన్నే సంబంధానికి తిప్పినాడంటే, వాని గుండె గుండెగాదప్పా" అన్నాడు మా పెద్దమనిషి ఒకడు.

"వాడు అట్లాంటోడు గాదు. బీడీ లేదు, బ్రాందీ..." అన్నారు మేష్ట్రు.

"మేష్ట్రూ, నువ్వు ఊరుకో. నీ మాట వినే ఈ గడప తొక్కినా" అన్నాడు మా నాయన.

మీ ఉత్తరం ఆ రోజే వచ్చి నా చేతిలో ఉంది. చెప్పమన్నారు గాని ఎదురుగా చెప్పడం నాకు రాదు. అందుకని పెట్టె తెరిచి మీ మొదటి ఉత్తరం తెచ్చి, తలుపు వెనక నుంచే చదివాను. మాటలు మీవి కాబట్టి నాకు సిగ్గనిపించలేదు. గోడ అవతల దుర్గక్క వింటుందన్న చోట గోడ అవతల రుబ్బడం ఆగింది. నాయన ఊరంతా చెప్పాడన్న చోట మామ దగ్గారు. కలిసి ఉన్నది నలభై రోజులు అన్న వాక్యం వదిలేద్దామనుకున్నాను. కానీ చదవడం మొదలుపెడితే నాకు మధ్యలో ఆపడం రాదు.

చదివి ఉత్తరం మడిచాను.

"ఇంగా చదువుతాడా వాడు?" అన్నారు మామ.

"తప్పులు చూసి సీటిస్తారా?" అన్నాడు మా నాయన. "మా కాలంలో మార్కులు చూసి ఇస్తాండిరి."

"అట్లయితే మావాడికి ఎప్పుడో వచ్చుండల్ల" అన్నారు మామ.

అప్పుడు కాఫీ తాగారు. సంసారం చెడదని తెలిశాక మేష్ట్రు ఒక్కరే తొమ్మిది తప్పులు చెప్పారు. బడిలో మీరు లెక్క తప్పు చేస్తే పలక తుడిచేసి, పలకే తడిసిందని చెప్పేవారట. మామ పదకొండు చెప్పారు. అత్త రెండు చెప్పారు, రెండూ తిండి గురించే. దుర్గక్క గోడ మీద నుంచి ఒకటి చెప్పింది. పాతవాటితో కలిపి నలభై ఒకటి. ఇందులో పెట్టాను.

వెనక కాగితం విడిగా చదవండి. అందరూ లేచాక హులిగేశ్ గేటు దగ్గర నాతో చెప్పింది, చెప్పినట్టే రాశాను.

"ఎనిమిదేండ్ల కిందట వీళ్ళ మిరప తోటలో నేనూ మా అమ్మా పనికి వస్తాంటిమి. జగ్గ సెలవలకొచ్చి, నేను మందు కొడతానని ట్యాంకు ఎత్తుకున్యాడు. ముందురోజు దాంట్లో గడ్డి సంపే మందు కొట్టింటిమి. కడగలే. ఎకరన్నర మిరప మాడిపాయ. వాళ్ళ నాయన అడిగితే, కడిగేది హులిగేశ్ పని అన్యాడు. నేను కాదనలే. చదువుకునేటోని మాట ముందర మన మాట నిలబడదు గదమ్మా. మర్సటి దినం నుంచి మమ్మల్ని రావద్దన్యారు. మా అమ్మ సచ్చిపొయ్యేదాకా ఆ తోట దావన నడవలే. ఇది నువ్వు తప్పుల్లో రాస్తావో, ఓడిపోయిందాంట్లో రాస్తావో నీ ఇష్టం."

రెంటిలో దేంట్లో రాయాలో నాకు తెలియలేదు. అందుకే వేరే కాగితం.

హారతి


బెంగళూరు,
20 సెప్టెంబరు 2025

హారతికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. నలభై ఒకటీ చదివి నవ్వుకున్నాను. తర్వాత వెనక కాగితం చదివాను. రెండు రోజులు ఆఫీసుకు పోలేదు.

అది నేను మర్చిపోలేదు హారతీ. మర్చిపోయినట్టు ఉండడం అలవాటైంది. పాత వ్యాసం పక్కన పడేసి, ట్యాంకు సంగతి ఉన్నదున్నట్టు రాశాను. మేడమ్ రెండుసార్లు చదివి, "ఇప్పుడు మనిషి కనపడ్డాడు. మంచివాడిగా కాదు గాని, కనపడ్డాడు" అంది. పదో తారీఖున పంపించాను. పిలుపు వస్తే అక్టోబరులో ఇంటర్వ్యూ.

వచ్చే శుక్రవారం వచ్చి హులిగేశ్‌ను కలుస్తాను.

జగదీశ్


కురుగోడు,
6 అక్టోబరు 2025

మీకు,

మేడమ్‌కు మీరు కనపడినందుకు సంతోషం. హులిగేశ్‌కు ఇంకా కనపడలేదు.

ఫోటోల్లో రెండు వెనక్కి ఇచ్చాను. బి.కాం. అమ్మాయి తండ్రి మాత్రం పట్టు వదలక మళ్ళీ వస్తే, మీ నలభై ఒక్క తప్పులు చదివి వినిపించాను. ఆయన ఫోటో తీసుకొని పోయాడు.

కాలేజీ ఇంటి కోసం భార్య సంతకం కూడా కావాలా? ఎందుకైనా మంచిదని పాత నోటుపుస్తకంలో రోజూ పెట్టి చూస్తున్నాను. బాల్కనీలో బట్టలు ఆరేయనిస్తారో లేదో కనుక్కోండి.

హారతి


బెంగళూరు,
14 నవంబరు 2025

హారతికి,

ఇంటర్వ్యూ అయింది, ఫలితం కూడా వచ్చింది. సీటు వచ్చినట్టే, రానట్టే. నాకు అనుభవం చాలదట. ఇంకో రెండేళ్ళు ఉద్యోగం చేసి రమ్మన్నారు, అంత వరకు సీటు నా పేరు మీద ఉంచుతారట. చిన్న వయసువాళ్ళకు అట్లా ఇస్తారు. మేడమ్ ఇది మంచి ఫలితమే అంది.

కాబట్టి ఇల్లు కూడా రెండేళ్ళ తర్వాతే. నేనుండే పీజీలో గదికి నలుగురం, నీకు తెలుసు. రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి. అంత వరకు నువ్వు అమ్మ దగ్గరే ఉండు. నేను శుక్రవారాలు వస్తూ ఉంటాను.

ఒకటి చెప్పాలి. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన మిరప తోట సంగతంతా విని, "ఇన్ని తప్పులు సేకరించిన మీ భార్య ఏం చెప్పారు?" అని అడిగాడు. గదికి వచ్చి కాగితాలన్నీ చూశాను. మేష్ట్రు, హులిగేశ్, దుర్గక్క, అమ్మ, నాయన. ఆరో మనిషి లేరు. అప్లికేషన్‌కు ఇంక అక్కర్లేదు. అయినా అడుగుతున్నాను.

జగదీశ్


కురుగోడు,
24 నవంబరు 2025

మీకు, ఆరో మనిషి రాస్తున్నది.

సీటు సంగతి మామకు చెప్పాను. రెండేళ్ళ వరకు ఎవరికీ చెప్పనని ఆయనే అన్నారు. సాయంత్రానికి టీకొట్టులో అందరికీ తెలిసింది.

మీ తప్పులు.

ఒకటి. శుక్రవారం వస్తానంటారు. జులై నుంచి ఏడు శుక్రవారాలు. ఏడుసార్లూ మీ వంతు కూడా కలిపి బియ్యం పోశాను. శనివారాలు అందరం ఆ మిగిలిన అన్నంతో చిత్రాన్నం తిన్నాం. మామ, "శనివారం ఒక్క పొద్దు మొదలుపెడితే బాగుంటాది" అన్నారు.

రెండు. తప్పు ఒప్పుకోవడానికి దూరంగా ఉన్నవాళ్ళను చూసుకుంటారు. మిరప తోట సంగతి మేడమ్‌కు చెప్పారు, ఇంటర్వ్యూలో పెద్దలకు చెప్పారు. వాళ్ళలో ఎవరూ ఆ తోటలో పని చేయలేదు.

మూడు. కాలేజీ ఇస్తేనే ఇల్లు అనుకుంటారు. బాల్కనీ నేను అడగలేదు. మీరు రాశారు కాబట్టి బట్టల గురించి కనుక్కోమన్నాను. ఒక గది, ఒక పొయ్యి ఉంటే నాకు వంట వచ్చు. గదులు దొరికే ఊళ్ళోనే మీరు రెండేళ్ళ నుంచి ఉన్నారు.

ఈ మూడోది రాశాక ఆగబుద్ధి కాలేదు. అత్తకు కూడా ఒక ఉత్తరం రాశాను. అత్తకు చదువు రాదు కాబట్టి నేనే చదవాల్సి వచ్చింది. వంటింట్లో ఎదురుగా కూర్చొని, కాగితం చూస్తూ, బెంగళూరు పోతానని మొత్తం ఒకటిన్నర పేజీ చదివాను. అత్త చిక్కుడుకాయలు వలవడం ఆపలేదు. అయిపోయాక, "ఇంత ఊపిరి యాడ దాచిపెట్టింటివే?" అన్నారు. తర్వాత, "ఆడ పొయ్యి ఉండాదా, ఈడ నుంచి మోసకపోవల్లనా?" అన్నారు. కారప్పొడి, ఊరగాయ మూటగట్టడం మొదలుపెట్టారు. మోకాలు నొప్పి వస్తే దుర్గక్క చూసుకుంటుందట. దుర్గక్క గోడ మీద నుంచి "ఊ" అంది.

మీ మంచి గుణాలు.

ఒకటి. నలభై రోజులని మీకు గుర్తుంది. అది చదివిన రోజు నాకు ఆకలి కాలేదు.

రెండు. నేను ఊ అంటున్నా పదకొండు నిమిషాలు మాట్లాడారు.

మూడోది ఖాళీగా ఉంచాను.

డిసెంబరు అయిదు శుక్రవారం. ఈలోగా గది చూసి రండి. బస్సు దిగగానే ఇంటికి రావద్దు. పక్కనే హులిగేశ్ షాపు. ఏం చెప్పాలో తెలియకపోతే కాగితం మీద రాసుకొని చదవండి, నాకు అట్లాగే వచ్చింది. నేను ముందుగా బియ్యం పోయను. మీరు వచ్చారని హులిగేశ్ ఫోన్ చేస్తే అప్పుడు పొయ్యి వెలిగిస్తాను.

ఫోన్ నేనే తీస్తాను.

హారతి